గోడ మీద థర్మామీటర్

బ్లడ్ సెంటర్‌లో చేరిన కొత్తలో గది టెంపరేచర్ రాయడమంటే రిజిస్టర్‌లో ఒక అంకె, పక్కన సంతకం, అంతే అనుకునేదాన్ని.

నిన్న మధ్యాహ్నం ఏసీ ఆగిపోయింది. చూస్తుండగానే థర్మామీటర్ 22 నుంచి 23 దాటింది. రక్తం ఇస్తున్నవాళ్లకు ఉక్కపోత మొదలైంది. ఒక అబ్బాయికి నుదుటి మీద చెమటలు పట్టి మొహం పాలిపోతే, కాళ్లు ఎత్తి పెట్టి పడుకోబెట్టాం. కాసేపటికి తేరుకున్నాడు.

నా టెన్షనంతా ప్లేట్‌లెట్ల గురించే. ఎర్ర రక్తకణాలు 2 నుంచి 6 డిగ్రీల్లో ఫ్రిజ్‌లో ఉంటాయి, ప్లాస్మా ఫ్రీజర్‌లో గడ్డకట్టి ఉంటుంది. ప్లేట్‌లెట్లు అలా కాదు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య, మెల్లగా ఊగుతూ ఉండాలి. చల్లబడితే ఆకారం మారిపోయి, రోగికి ఎక్కించాక ఎక్కువసేపు నిలవవు. అసలు వాటి ఆయుష్షే మామూలుగా 5 రోజులు. వాటిని ఊపే మా యంత్రానికి, అంటే అజిటేటర్‌కు, టెంపరేచర్ నిలిపి ఉంచే సొంత పెట్టె (ఇంక్యుబేటర్) లేదు, గది చల్లదనమే దిక్కు.

24 దాటకముందే బ్యాగులన్నీ పక్క గదికి మార్చేశాం. ఒక్కో బ్యాగును వెలుతురుకు పట్టి మెల్లగా తిప్పి చూశాను. లోపల పట్టుచీర మీద మెరుపులాగా ఒక సుడి కదిలింది. ఆ సుడి కనిపిస్తే కణాలు బాగున్నట్టే. అన్నిట్లోనూ కనిపించింది. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాను.

ఏసీ బాగయ్యేసరికి రాత్రయింది. అప్పటిదాకా అరగంటకోసారి వెళ్లి అంకె చూసి రాస్తూనే ఉన్నాను.