ద్రాస్‌కి మోసుకెళ్లిన ఉత్తరాలు

అమ్మ ట్రంకుపెట్టెలో ఒక ఇన్‌లాండ్ లెటరు ఉంది. 1999 జూన్‌లో అన్నకి రాసింది. పైన నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, చివర 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. మనిషి ఎక్కడున్నాడో ఆ అడ్రసు చెప్పదు. అన్నని జెండా కప్పి తీసుకొచ్చిన పది రోజులకి ఆ ఉత్తరం వెనక్కి వచ్చింది. అమ్మ దాన్ని ఇప్పటికీ విప్పలేదు.

అన్న ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో గన్నర్. కార్గిల్ యుద్ధంలో ద్రాస్ దగ్గర శత్రువుల షెల్లింగ్‌లో పోయాడు. ఏటా ఆ రోజున ఫొటోకి దండ వేసి, నలుగురికి భోజనం పెట్టేవాళ్లం. ఒక ఏడాది అన్నతో పనిచేసిన హవల్దార్ గారు రిటైరై మా ఇంటికి వచ్చారు. "అమ్మా, ఇప్పుడు ఆ కొండల్లో ఉన్న పిల్లలకి కూడా ఏదైనా పంపండి. మాకక్కడ ఉత్తరం వచ్చిన రోజే పండగ" అన్నారు. ఆ మాట అమ్మ మనసులో నాటుకుపోయింది. అప్పటినుంచీ ఊలు టోపీలు అల్లడం మొదలుపెట్టింది. నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలు ఉత్తరాలు రాశారు. పోయినేడు అవి నలభై అయ్యాయి. పోస్టులో వేయకుండా నేనే తీసుకెళ్తానన్నాను. హవల్దార్ గారు ముందే యూనిట్‌తో మాట్లాడి అనుమతి తీసుకున్నారు. అమ్మని అంత ఎత్తుకి తీసుకెళ్లొద్దని డాక్టర్ చెప్పడంతో నేనూ మావారూ బయల్దేరాం.

శ్రీనగర్ నుంచి సోన్‌మార్గ్, అక్కడినుంచి తెల్లవారుజామునే జోజిలా. పదకొండున్నర వేల అడుగుల కనుమ అది. ఒక పక్క రాయి, ఇంకో పక్క లోయ. చలికాలంలో మంచు కప్పేస్తే దారి మూతపడుతుంది. 1948 నవంబరులో జనరల్ తిమ్మయ్య ఇంత ఎత్తుకి ట్యాంకులు ఎక్కించి ఈ కనుమని గెలిచారు. కారులో కూర్చుని ఎక్కుతుంటేనే నాకు తల పగిలిపోతోంది. ట్యాంకుల్ని ఎలా ఎక్కించారో ఊహకి కూడా అందలేదు.

దారిలో మిలిటరీ కాన్వాయ్ ఎదురైతే డ్రైవర్ పక్కకి ఆపాడు. లారీల వెనక కూర్చున్న జవాన్ల ముఖాలే చూస్తూ ఉండిపోయాను. చాలామందికి ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. అన్న వయసు నాకు ఎప్పుడూ పెద్దగానే అనిపించేది. ఆ రోజు మొదటిసారి అన్న నాకన్నా చాలా చిన్నవాడిగా కనిపించాడు.

ద్రాస్ ఊరు దాటాక రోడ్డు పక్కనే కార్గిల్ యుద్ధ స్మారకం. గేటు దగ్గర ఐడీ కార్డు చూపించి లోపలికి వెళ్లగానే, ఎదురుగా తోలోలింగ్. కొండ ఎక్కడో దూరంగా ఉంటుందనుకున్నాను. అది మన నెత్తిమీదే ఉన్నట్టుంది. పైన కూర్చున్నవాడికి శ్రీనగర్-లేహ్ రోడ్డు మీద వెళ్లే ప్రతి బండీ కనిపిస్తుంది. అప్పట్లో ఈ రోడ్డు మీద అన్ని గుళ్లు ఎందుకు పడ్డాయో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేదు. చాటుకి ఒక చెట్టు లేదు. మనవాళ్లు రాత్రిపూట ఆ రాళ్ల మీద పాకుతూ ఎక్కారు, కింద నుంచి బోఫోర్స్ ఫిరంగులు కాల్చాయి. జూన్ 13న తోలోలింగ్ చేతికి వచ్చింది, జులై 4న టైగర్ హిల్. ఒక జవాను శిఖరాలు చూపిస్తూ ఇదంతా హిందీలో చెబుతుంటే, కింద ఆ ఫిరంగుల దగ్గర అన్న ఎటు నిలబడి ఉంటాడా అని వెతుక్కున్నాను.

పేర్ల గోడ దగ్గర చాలాసేపు ఉన్నాను. ఆ యుద్ధంలో 527 మంది పోయారు. హైదరాబాద్ నుంచి వెళ్లిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న పోయారు, ఆయనకి మహావీర్ చక్ర ఇచ్చారు. అన్నకి పతకం లేదు. అయినా గోడ మీద అందరి అక్షరాలూ ఒకే సైజులో ఉన్నాయి. వేలితో అన్న పేరు మీద రాశాను, పలక మీద దిద్దినట్టు.

మధ్యాహ్నం యూనిట్ వాళ్లు రమ్మన్న చోటికి వెళ్లాం. అదెక్కడో రాయను, ఫొటోలు కూడా తీయలేదు. ఉత్తరాలు పంచుతుంటే శ్రీకాకుళం కుర్రాడు ఒకడు నా మాట విని పరుగున వచ్చాడు. "తెలుగువాళ్లా అక్కా?" అన్నాడు. వాడికి మూడో తరగతి పాప ఉత్తరం దొరికింది. 'అన్నయ్యా, అక్కడ చలేస్తుందా? రాత్రి భయమేస్తుందా?' అని ఉంది.

"చలేస్తుందని రాసేస్తానక్కా. రెండోదానికి ఆలోచించుకుని రాస్తాను."

సైన్యం వాళ్లకి మంచి టోపీలే ఇస్తుంది. అయినా అమ్మ అల్లినది తలకి పెట్టుకుని, సరిపోయిందో లేదో చూడమన్నాడు. కొంచెం వదులైంది. అన్న తల కొలతకే అమ్మ అన్నీ అల్లుతుంది.

మీలో ఎవరైనా పంపాలనుకుంటే, అడగకుండా పార్సిళ్లు పంపొద్దు. తెలిసిన జవాను ఎవరైనా ఉంటే వాళ్ల ద్వారా ముందు కనుక్కోండి. ఎవరూ తెలియకపోతే డిసెంబరు 7, సాయుధ దళాల పతాక దినం ఉంది. 1949 నుంచి జరుపుతున్నారు. ఆ నిధి అమరుల కుటుంబాలకి, మాజీ సైనికులకి వెళ్తుంది. చిన్న జెండా కొన్నా అందులో చేరుతుంది.

తిరిగొచ్చిన ఐదు వారాలకి మా ఇంటికి ఒక కవరు వచ్చింది. బడికి పాప పేరున ఒకటి, అమ్మకి ఒకటి రాశాడు ఆ కుర్రాడు. అమ్మ విప్పకుండా కవరు వెనక్కి తిప్పి, పంపినవాళ్ల అడ్రసు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. నంబరు, ర్యాంకు, పేరు, 56 ఏపీఓ. తర్వాత మెల్లగా చించింది. టోపీ లోపల గుడ్డ కుట్టుకుంటే సరిపోయిందని రాశాడు. అమ్మ రెండుసార్లు చదివి, "నా కళ్లజోడు పక్కన పెన్ను పెట్టాను, అదిలా ఇవ్వు. ఈసారి కుట్లు తగ్గించి అల్లుతానని రాయాలి" అంది.