మా ఊరి ముసురే తుఫానై వచ్చింది

"వాన పడిందా?"

మా ఇంట్లో ఫోను ఎత్తగానే వచ్చే మొదటి మాట ఇదే. బాగున్నావా, తిన్నావా అన్నవి ఆ తర్వాతే. మాది నారాయణపేట వైపు మెట్ట పల్లె. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 600 మిల్లీమీటర్లు. అదైనా అదునుకు పడితేనే లెక్క. నా చిన్నప్పుడు నాన్న గుంపు మేస్త్రీ వెంట బొంబాయి పనులకు వెళ్లేవాడు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఎస్‌టీడీ బూతుకు ఫోను చేసి, అమ్మను పిలిపించి, ముందుగా అదే అడిగేవాడు. పడిందంటే బస్సెక్కి వచ్చి విత్తనం వేసేవాడు. పడలేదంటే అక్కడే ఇంకో నెల. నాన్న ఇంటికి వస్తాడా రాడా అన్నది ఆ ఒక్క జవాబు మీదే తేలిపోయేది. అందుకే వానా ఎండా గురించిన మాటలు మా ఇంట్లో ఎప్పుడూ ఊసుపోని కబుర్లు కాలేదు.

నేను 2013లో ఒమన్ వచ్చాను. పిల్లర్లకు, శ్లాబులకు రాడ్లు కట్టడం నా పని. మస్కట్ నుంచి సోహార్ వైపు సముద్రం పక్కనే సాగే తీరాన్ని బాతినా అంటారు. ఆ దారిలో సువైక్ దగ్గర మా క్యాంపు. ఇక్కడ కూడా పొద్దున బండి ఎక్కిన దగ్గర నుంచి అందరి నోటా వాతావరణమే. జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఎండలో పని చేయించకూడదని ఈ దేశపు నియమం. ఆ మూడు గంటలూ పోగా మిగిలిన ఎండ మాది. రాత్రంతా బయట ఉన్న రాడ్డు కూడా పొద్దున తొమ్మిదికల్లా చేతి తొడుగులో నుంచి చురుక్కుమంటుంది. సముద్రపు గాలి వీస్తే ఉక్కపోత, చొక్కా పిండితే నీళ్లు కారతాయి. ఎడారి వైపు నుంచి వీస్తే ఒళ్లంతా ఎండిపోయి పెదవులు పగులుతాయి. ఆ పడమటి గాలిని మా బండి నడిపే ఒమనీ పెద్దాయన 'గర్బీ' అంటాడు. పొద్దున్నే కిటికీలోంచి చెయ్యి బయటకు పెట్టి చూసి, "ఈ రోజు గర్బీ, నీళ్లు ఎక్కువ పెట్టుకోండి" అని చెప్పేవాడు. ఆయన మాట ఒక్కనాడూ తప్పలేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె మా ఊళ్లో రెండు వారాలు. ఇక్కడ అది నాలుగు నెలలు.

వాన మాత్రం ఇక్కడ పండుగ. మస్కట్ ప్రాంతంలో ఏడాదంతా కలిపినా 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూగానే పడుతుంది. మబ్బు పట్టిందంటే పిల్లాపాపలతో సహా బండ్లెక్కి వాదులు చూడటానికి బయలుదేరతారు. వాది అంటే మన వాగే. హజర్ కొండల్లో వాన కురిస్తే, చుక్క చినుకు పడని చోటికి కూడా వాది నిండుగా వచ్చేస్తుంది. నేను వచ్చిన ఏడాదే పెద్దాయన చెప్పాడు, ఎండిన వాదిలో కూర్చుని అన్నం తినవద్దని. అమ్మ మా ఊరి వాగు గురించి అచ్చం అదే మాట చెప్పేది.

అమ్మకు నేను ఎండ సంగతి ఎప్పుడూ ఉన్నదున్నట్టు చెప్పలేదు. ఇక్కడ 46 డిగ్రీలుంటే 40 అనేవాడిని. అమ్మ కూడా అంతే. వాన పడిందా అంటే "పడింది బిడ్డా, బాగానే పడింది" అనేది. చేను రెండోసారి విత్తిన సంగతి సెలవులో ఇంటికి వెళ్లినప్పుడు షావుకారు లెక్క చూస్తేనే తెలిసేది. మేం మాట్లాడుకునేదంతా వాతావరణమే, అందులో ఇద్దరం దాచుకునేదీ అదే.

2021 సెప్టెంబరు చివర్లో ఒక రోజు అమ్మ, నేను అడగకముందే చెప్పింది. "రెండు రోజులుగా ముసురు పట్టింది. పత్తి కాయ పగిలే వేళ ఇది. ఈ వాన మనకు వద్దు." అది గులాబ్ తుఫాను వాన. సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటి, బలహీనపడి, తెలంగాణ మీదుగా మహారాష్ట్ర, గుజరాత్‌ల వైపు సాగిపోయింది. తుఫాను ఒడ్డెక్కితే ఇక దాని పని అయిపోయినట్టే అనుకుంటాం. ఇది అలా కాలేదు. గుజరాత్ దాటి అరేబియా సముద్రంలోకి దిగింది. వెచ్చని నీళ్ల మీద మళ్లీ బలం పుంజుకుని, అక్టోబరు 1న షాహీన్ అన్న కొత్త పేరుతో తిన్నగా మా వైపు తిరిగింది. షాహీన్ అంటే డేగ. అమ్మ పత్తిని తడిపిన మబ్బే వారం తిరక్కుండా నన్ను వెతుక్కుంటూ వస్తోందని తెలిసినప్పుడు ఒళ్లు జలదరించింది.

ఇక్కడివాళ్లకు తుఫాను కొత్త కాదు. 2007 జూన్‌లో వచ్చిన గోను మస్కట్‌ను ముంచేసిన కథ పాతవాళ్లందరూ చెబుతారు. కానీ 1890 తర్వాత బాతినా తీరాన్ని నేరుగా తాకిన తుఫాను లేదట. మా పెద్దాయనకు కూడా ఈసారి ఏం చెప్పాలో తోచలేదు. అక్టోబరు 3, 4 తేదీలకు ప్రభుత్వం సెలవు ప్రకటించింది.

2వ తేదీ రాత్రి అమ్మ ఫోను చేసింది. అమ్మ పుట్టిల్లు తుంగభద్ర ఒడ్డున రాజోలి. 2009 అక్టోబరు 2న ఆ ఊరు వరదలో మునిగినప్పుడు అమ్మ అక్కడే ఉంది. మేనమామ ఇల్లు, మగ్గం అన్నీ కళ్ల ముందే పోయాయి. మామూలుగా తడబడుతూ మాట్లాడే మనిషి ఆ రాత్రి ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పింది.

"ముందు తాగే నీళ్లు పట్టిపెట్టుకో. చుట్టూ నీళ్లే ఉంటాయి, గుక్కెడు తాగడానికి ఉండవు. చెప్పులు విడవకు, నీళ్ల కింద ఏముంటుందో తెలియదు. కాగితాలు ఎక్కడున్నాయి?"

పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో ఉంది. మనిషి పాస్‌పోర్టును కంపెనీ పట్టి ఉంచకూడదన్న నియమం ఉన్నా మాకు ఇవ్వలేదు. నా దగ్గర ఉన్నది పతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, ఒక్కటే. అదే చెప్పాను.

"అయితే దాన్ని కవరులో పెట్టి, రెండు ముళ్లు వేసి, మొలతాడుకు కట్టుకో. జేబులో వద్దు. గోడ పక్కన పడుకోకు."

"ఇవి మట్టి గోడలు కావమ్మా, రేకులు."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "రేకుల్లో అసలే ఉండకు. ఎత్తు మీదికి వెళ్లు" అంది.

పొద్దున మా ఫోర్‌మన్‌తో చెప్పాను. ఆయన మలయాళీ, వాన తెలిసిన మనిషి. మారు మాట్లాడకుండా పదిహేడు మందినీ మేం కడుతున్న రెండంతస్తుల ఇంటికి తీసుకెళ్లాడు. నీళ్ల డబ్బాలు, రొట్టెలు, రెండు టార్చిలైట్లు పట్టుకుని మొదటి అంతస్తుకు ఎక్కాం. కిటికీలకు తలుపులు లేవు. సెంట్రింగు చెక్కలు అడ్డం పెట్టి, కట్టుతీగతో బిగించాం.

చీకటి పడ్డాక సముద్రం వైపు నుంచి గాలి, కొండల వైపు నుంచి నీళ్లు ఒకేసారి వచ్చాయి. పై అంతస్తు పిల్లర్ల కోసం వదిలిన రాడ్లు గాలికి ఈల వేసినట్టు మోగాయి. నేను శ్లాబు మీద వెల్లకిలా పడుకుని ఆ చప్పుడు విన్నాను. నా వీపు కింద ఉన్న 12 ఎం.ఎం. రాడ్లు, 15 సెంటీమీటర్లకు ఒకటి, రెండు నెలల ముందు నేను కట్టినవే. ఎక్కడ ముడి వేశానో, ఎక్కడ తీగ మళ్లీ బిగించానో ఒక్కొక్కటీ గుర్తు చేసుకున్నాను. పక్కన బీహారు పిల్లాడు నా చెయ్యి పట్టుకుని నిద్రపోయాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు వాడికి.

తెల్లారి చూస్తే క్యాంపు రేకు గదుల కిటికీల దాకా బురద నీళ్లు. ఒక గది పక్కకు ఒరిగిపోయింది. మాకు కాస్త పైన ఉన్న ఖాబూరాలో 369 మిల్లీమీటర్ల వాన పడిందని తర్వాత తెలిసింది. అంటే మా జిల్లాలో ఏడాదంతా పడే వానలో సగానికి పైనే. రుసైల్ పారిశ్రామిక ప్రాంతంలో కొండ చరియ కూలి, తమ నివాసంలోనే ఇద్దరు ఆసియా కార్మికులు చనిపోయారు. వాళ్ల పేర్లు నేను వినలేదు. ఇప్పటికీ రాత్రి వాన పడితే వాళ్లే గుర్తుకొస్తారు. మా క్యాంపు వాది పక్కన పల్లంలో ఉంది. చవకగా దొరికే నేల అక్కడే ఉంటుంది కాబట్టి కూలీల గదులు అక్కడే వేస్తారు. నీళ్లు ఏ దారిన వస్తాయో చూడకుండా మనుషులను పడుకోబెట్టడం తప్పు. ఈ మాట ఆ వారం మా ఆఫీసులో కూడా అన్నాను.

తర్వాతి రోజుల్లో ఒమన్ నలుమూలల నుంచి జనం పారలు, చీపుళ్లు, అన్నం పొట్లాలు తీసుకుని వచ్చారు. తెల్లని దుస్తులు మోకాళ్ల దాకా మడిచి, మా గదుల్లో బురద ఎత్తారు. ఒక కాలేజీ పిల్లాడు నా మంచం కింద నుంచి మా నాన్న ఫోటో తీసి, తన తలగుడ్డ కొసతో తుడిచి ఇచ్చాడు. అందులో ముఖం చెరిగిపోయింది. అయినా దాచుకున్నాను.

మూడో రోజు సిగ్నల్ వచ్చింది. అమ్మ ఒక్క రింగుకే ఎత్తింది.

"వాన ఆగిందా?"

"ఆగిందమ్మా. గది పోయింది. బట్టలు, పెట్టె, అన్నీ పోయాయి." అలా ఉన్నదున్నట్టు చెప్పడం అదే మొదలు. "అక్కడ పత్తి ఎలా ఉంది?"

"సగం నల్లబడింది బిడ్డా. మిగిలింది వాకిట్లో ఆరబోశాను." ఆగి అడిగింది, "మొలతాడుకు కట్టుకున్నది ఉందా?"

చొక్కా పైకెత్తి చూసుకున్నాను. రెండు ముళ్లూ అలాగే ఉన్నాయి. కార్డు తడవలేదు.