మద్దెల నిజంగానే ఓడు: చవక పిస్టల్ కొన్న నా అనుభవం

నిన్న సాయంత్రం నా చవక పిస్టల్‌తో 150 రౌండ్లు, అంటే 150 తూటాలు కాల్చాను, ఒక్కసారి కూడా జామ్ కాలేదు. మూడు నెలలుగా పీక్కుతింటున్న టెన్షన్ నిన్న రాత్రితో వదిలింది. ఇంకో వారం ఆగితే కాల్పులు ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో నాకు జరిగిన అవమానాన్ని నేనే నయంగా తగ్గించి రాసుకుంటాను, అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన. మొన్న వేసవిలో మా వీధిలో రెండిళ్ళలో పట్టపగలే దొంగలు పడ్డారు. రెండూ మనవాళ్ళ ఇళ్ళే, పోయింది బంగారమే. దాంతో ఇంట్లో ఒక పిస్టల్ ఉంటే మంచిదన్న మాట మొదలైంది. మా బావమరిది గ్లాక్ 19 కొనమన్నాడు. పన్నుతో కలిపి 600 డాలర్ల దగ్గరకు పోతుంది. ఏడాదికి రెండుసార్లు కూడా బయటకు తీయని వస్తువుకి అంత ఎందుకని నా వాదన. నేను 229 డాలర్లది చూసుకున్నాను. కంపెనీ పేరు చెప్పను, ఇది ఆ ఒక్క కంపెనీ గొడవ కాదు కాబట్టి.

"బావా, అది శాటర్‌డే నైట్ స్పెషల్" అని నవ్వాడు వాడు. చవక నాసిరకం పిస్టళ్ళకి అమెరికాలో పడ్డ ఎగతాళి పేరది, దాని వెనక ఒక కథ ఉంది. 1968లో వచ్చిన గన్ కంట్రోల్ చట్టం చవకరకం చిన్న పిస్టళ్ళు బయటి దేశాల నుంచి రాకుండా ఆపింది. దిగుమతి ఆగింది కానీ ఇక్కడే తయారుచెయ్యడం ఆగలేదు. లాస్ ఏంజిలస్ చుట్టుపక్కల కొన్ని కంపెనీలు పుట్టుకొచ్చి, జింక్ మిశ్రమం పోతపోసి చేసిన బుల్లి పిస్టళ్ళని ఏళ్ళ తరబడి అమ్మాయి. చెడ్డపేరంతా వాటిది. ఇప్పుడు 300 అటూ ఇటూగా దొరికే టారస్ జీ3సీ, రూగర్ ఈసీ9ఎస్ లాంటివి వేరే జాతి. కింద చేత్తో పట్టుకునే ప్లాస్టిక్ ఫ్రేమ్, పైన పేలినప్పుడల్లా వెనక్కీ ముందుకీ కదిలే స్టీలు స్లైడ్, ఖరీదైనవాటి పద్ధతే. హై-పాయింట్ సీ9 మాత్రం ఇప్పటికీ జింక్ మిశ్రమం స్లైడ్‌తోనే వస్తుంది. అందులో గొట్టాన్ని స్లైడ్‌తో బిగించే ఏర్పాటు ఉండదు, స్లైడ్ బరువే పేలుడు తోపుని ఒక్క క్షణం ఆపాలి. అందుకే చేత్తో పట్టుకుంటే ఇటుకలా ఉంటుంది. చూడ్డానికి బాగోదు కానీ పేలుతుందనే అందరూ అంటారు.

మరి కంపెనీలు ఖర్చు ఎక్కడ తగ్గిస్తాయి? ట్రిగ్గర్ బరుసుగా ఉంటుంది, గురిచూసే సైట్లు ప్లాస్టిక్‌వి పెడతారు, లోపలి భాగాలకు నునుపు తక్కువ. ఇంకోచోట కూడా తగ్గిస్తారని నాకు తర్వాత తెలిసింది.

గన్ కొనాలంటే షాపులో 4473 అనే ఫెడరల్ ఫారం నింపాలి. నేను గ్రీన్ కార్డ్ మీద ఉన్నాను కాబట్టి కొనొచ్చు. నా పేరు మూడు ముక్కలు. లైసెన్స్ మీద రెండు ముక్కలు ఫస్ట్ నేమ్‌లో ఉన్నాయి, నేను అలవాటుగా రెండోదాన్ని మిడిల్ నేమ్ గడిలో రాశాను. కౌంటర్ అబ్బాయి ఫారం చింపి కొత్తది ఇచ్చాడు. మిడిల్ నేమ్ లేకపోతే గడి ఖాళీగా వదలకూడదట, ఎన్‌ఎంఎన్ (నో మిడిల్ నేమ్) అని రాయాలట. మన పేర్లతో ఈ దేశంలో ఏ ఫారమూ ఒక్కసారిలో అవదు. కొనేవాడి మీద కేసులేమైనా ఉన్నాయా అని చూసే ఎఫ్‌బీఐ చెక్‌లో "డిలేడ్" అని వచ్చింది. పౌరులు కానివాళ్ళకి ఇమిగ్రేషన్ వివరాలు కూడా చూస్తారు, అది మామూలే. రెండో రోజు ఫోనొచ్చింది, వెళ్ళి తెచ్చుకున్నాను.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. హెచ్‌వన్ వీసా మీద ఉన్న తమ్ముళ్ళు ఎవరో చెప్పారని షాపుకి పోకండి. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి కానీ అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగి తెలుసుకోవాలి, పార్టీలో బీరు పట్టుకున్నవాడిని కాదు. వీకెండ్‌లో సరదాగా రేంజ్‌కి వెళ్ళి గన్ అద్దెకు తీసుకుని ఫొటోలు పెడుతున్నారే, అదీ ఇందులోకే వస్తుంది. ఇన్నేళ్ళు గ్రీన్ కార్డ్ లైన్‌లో నిలబడి ఒక ఫొటో కోసం అంతా పోగొట్టుకుంటారా?

ఇక రేంజ్.

మొదటి శనివారం బావమరిదితో వెళ్ళాను. మొదటి మ్యాగజైన్ (తూటాలు నింపి పిడిలోకి తోసే డబ్బా) హాయిగా పేలింది. రెండోది పెట్టాక మూడో రౌండ్‌కే ఆగిపోయింది. తూటా ముక్కు లోపలికి వెళ్ళకుండా కిందకి దిగి ఇరుక్కుంది. తీసేశాను. ఇంకో రెండు పేలాయి, మళ్ళీ ఆగింది. ఈసారి స్లైడ్ లాగినా కదల్లేదు. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి. గన్ చేతిలో పట్టుకునే, ఆఫీసర్‌ని పిలుద్దామని వెనక్కి తిరిగాను.

రేంజ్‌లో అంతకు మించిన తప్పు లేదు. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, గన్ జామ్ అయినా సరే, జామ్ అయితే మరీనూ. లోపల రౌండ్ ఉందో లేదో మనకే తెలియదు కదా. రేంజ్ సేఫ్టీ ఆఫీసర్ వేసిన కేకకి చెవులకు మఫ్స్ ఉన్నా ఒళ్ళు జల్లుమంది. నా మణికట్టు పట్టుకుని గొట్టం ముందుకు తిప్పాడు. అన్ని లేన్లలో కాల్పులు ఆగిపోయాయి. పక్క లేన్‌లో పదహారేళ్ళ పిల్ల వాళ్ళ నాన్నతో వచ్చింది, తన టార్గెట్‌లో చిల్లులన్నీ ఒక టీ కప్పు మూతంత చోటులో ఉన్నాయి. ఆ పిల్ల నన్ను చూసిన చూపులో కోపం లేదు, జాలి ఉంది. కోపమైనా నయం.

నన్ను వెనక బెంచీ మీద కూర్చోబెట్టి పది నిమిషాలు క్లాసు పీకాడు. ఆ మందలింపు న్యాయమే, ఒప్పుకుంటున్నాను. కానీ జామ్ ఎందుకవుతోందని అడిగితే గన్ వైపు చూడకుండానే "లిమ్ప్ రిస్ట్" అన్నాడు. అంటే నా మణికట్టు వదులట. ఇలాంటి పిస్టల్‌లో పేలుడు తోపుకి స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్ళి, ముందుకొస్తూ కొత్త తూటాని తోసుకెళ్ళాలి. కింద ఫ్రేమ్‌ని మనం గట్టిగా పట్టుకోకపోతే ఆ శక్తి చేతి ఊపులో పోయి స్లైడ్ సగంలో ఆగిపోతుంది. ఇది నిజమే, కొత్తవాళ్ళ జామ్‌లలో చాలావాటికి కారణం ఇదే. అయినా నా చెయ్యి ఒక్కసారైనా చూసి చెప్పాలి కదా!

బావమరిది కారెక్కేదాకా ఆగి అన్నాడు: "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది బావా."

ఆ వారమంతా ఆఫీసులో స్ట్రెస్ బాల్ నొక్కుతూ కూర్చున్నాను. రెండో శనివారం ఒక్కడినే వెళ్ళాను. మణికట్టు బిగించి బిగించి భుజం నొప్పి పుట్టింది, జామ్‌లు మాత్రం మళ్ళీ నాలుగు. షాపుకి ఫోన్ చేస్తే 200 రౌండ్లు కాలిస్తే అదే సర్దుకుంటుందన్నారు. అంటే నా డబ్బుతో, నా తూటాలతో వాళ్ళ కంపెనీ టెస్టింగ్ నేను చెయ్యాలి.

సరే, టెస్టింగే అయితే అది నాకు వచ్చిన పనే. పద్దెనిమిదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో అన్నం తింటున్నాను. తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడాలి. రెండు మ్యాగజైన్ల మీద మార్కర్‌తో 1, 2 అని వేశాను. మూడో శనివారం బావమరిదిని బతిమాలి తీసుకెళ్ళాను. అదే డబ్బా తూటాలు, అదే చెయ్యి, ఒక్కో మ్యాగజైన్‌తో 60 రౌండ్లు. కాగితం మీద గీతలు పెట్టుకున్నాను. ఒకటో నంబర్‌తో జామ్ సున్నా. రెండో నంబర్‌తో తొమ్మిది.

అప్పుడు రెండో నంబర్ మ్యాగజైన్‌ని గన్‌తో సహా వాడి చేతిలో పెట్టాను. పదేళ్ళుగా కాలుస్తున్నవాడు, మణికట్టు ఇనుము. మూడో రౌండ్‌కి ఆగిపోయింది. ఏమీ మాట్లాడలేదు, తీసి మళ్ళీ కాల్చాడు, మళ్ళీ ఆగింది. తర్వాత వాడి గ్లాక్ తీసుకుని నేను పది కాల్చాను, పదీ పేలాయి. మద్దెల నిజంగానే ఓడు!

రెండు మ్యాగజైన్లు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికే తెలిసింది. తూటాని పట్టి ఉంచే పై అంచులు రెండోదానిలో ఒకవైపు కాస్త ఎక్కువ విచ్చుకున్నాయి. చవక గన్‌లో కంపెనీ ఖర్చు తగ్గించే ఇంకో చోటు ఇదే. ఇలాంటి సెమీ ఆటోమేటిక్ పిస్టల్ మొరాయిస్తే ముందు మ్యాగజైన్‌ని అనుమానించాలి, తర్వాత తూటాని, తర్వాతే గన్‌ని. ఈ ముక్క ఆ ఆఫీసర్‌కి తెలియక కాదు. కౌంటర్ మీద 229 డాలర్ల గన్, దాని వెనక బెదిరిపోయిన దేశీ అంకుల్ కనిపిస్తే ఎవరి లోపమో ముందే తేలిపోతుంది. కాగితం తీసుకెళ్ళి చూపించాను. "ఓకే" అని భుజాలెగరేశాడు. నా చేతిని పట్టి తిప్పినప్పుడు ఉన్న గొంతు ఇప్పుడేదీ?

ఆ ఊపులోనే హాలో పాయింట్ తూటాలు కూడా పరీక్షించాను. ప్రాక్టీసుకి వాడే మామూలు తూటా ముక్కు గుండ్రంగా ఉంటుంది, జారి లోపలికి పోతుంది. ఇంటి రక్షణకు పెట్టుకునే హాలో పాయింట్ ముక్కు బల్లపరుపుగా, గుంటతో ఉంటుంది. లోపలికి ఎక్కే వాలు దగ్గర నునుపు లేకపోతే అక్కడ తట్టుకుంటుంది. మంచి మ్యాగజైన్‌తోనే 20లో రెండు తట్టుకున్నాయి. ఇది మాత్రం గన్ తప్పే. మామూలు తూటాలతోనే పరీక్షించి, హాలో పాయింట్లు నింపి సేఫ్‌లో పెట్టేసి ఉంటే నాకు ఈ సంగతి తెలిసేదే కాదు.

కంపెనీకి మెయిల్ రాస్తే ముందే డబ్బు కట్టిన లేబుల్ పంపారు. రిపేర్‌కి కంపెనీకి పంపిన గన్ మళ్ళీ షాపు ద్వారా రానక్కర్లేదు, నేరుగా ఇంటికే వస్తుంది. కాకపోతే పెద్దవాళ్ళెవరైనా సంతకం పెట్టాలి, నేను రెండుసార్లు మిస్సయ్యాను. ఐదు వారాలు పట్టింది. లోపల ఒక చీటీ: ఫీడ్ ర్యాంప్ (తూటా లోపలికి ఎక్కే ఆ వాలే) పాలిష్ చేశాం, కాల్చి చూశాం, ఓకే. రెండో మ్యాగజైన్ గురించి నేను మూడు పేరాలు రాశాను, ఫొటోలు పెట్టాను. దాన్ని ముట్టుకోకుండా, నేను వేసిన మార్కర్ అంకెతో సహా తిరిగి పంపించారు. 32 డాలర్లు పెట్టి కొత్తది నేనే కొనుక్కున్నాను. నిన్న 150 కాల్చింది ఆ కొత్తదానితోనూ ఒకటో నంబర్‌తోనూ. అందులో 20 హాలో పాయింట్లు.

లెక్క చెప్తాను. పన్నుతో పిస్టల్ 248. మామూలు తూటాలు 120, హాలో పాయింట్లు 50. రేంజ్ ఫీజు నాలుగుసార్లకి 88. బోల్ట్‌తో బిగించే చిన్న సేఫ్ 140. మఫ్స్, కళ్ళజోడు 40. ఆ అవమానం తర్వాత బుద్ధొచ్చి చేరిన క్లాసుకి 120. మ్యాగజైన్ 32. మొత్తం 838. మా ఆవిడ ఈ కాగితం చూసి "చవకదన్నావుగా?" అంది. పిస్టల్ వాటా మూడో వంతు కూడా లేదు. గ్లాక్ కొన్నా మిగతా ఖర్చంతా తప్పదు కాబట్టి, నేను మిగుల్చుకుంది 300 డాలర్లు, పోగొట్టుకుంది మూడు నెలలు.

సేఫ్ దగ్గర మాత్రం చవక చూడకండి. మా వాడికి తొమ్మిదేళ్ళు. లోడ్ చేసిన గన్‌ని అజాగ్రత్తగా వదిలేసి, అది పదిహేడేళ్ళలోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సస్‌లో అది నేరం. చట్టం లేకపోయినా ఆ మాత్రం చెయ్యని తండ్రి అసలు గన్ కొనకూడదు.

ఇంతకీ చవక పిస్టల్ కొనొచ్చా? రెండు మూడు శనివారాలు, కనీసం 200 మామూలు రౌండ్లు, ఒక డబ్బా హాలో పాయింట్లు పెట్టగలిగితే కొనండి. నాది ఇప్పుడు బాగానే పేలుతోంది. చిక్కేమిటంటే, వాడని వస్తువుకి డబ్బెందుకని చవకది కొనే నాలాంటివాళ్ళే దాన్ని కాల్చి చూడరు. అన్నిటికన్నా ఎక్కువ కాల్చి చూడాల్సిందీ దాన్నే. బావమరిది గోల లేకపోతే నేనూ డబ్బా విప్పి, రెండో నంబర్ మ్యాగజైన్ పెట్టి, సేఫ్‌లో దాచి ధైర్యంగా నిద్రపోయేవాడిని. కొని పెట్టెలో పెట్టేసే రకమైతే మా బావమరిది చెప్పినదే కొనండి. ఈ మాట వాడికి చెప్పొద్దు.

ఆ రెండో మ్యాగజైన్‌ని పారెయ్యలేదు. జామ్ అయితే గొట్టం టార్గెట్ వైపే ఉంచి ఎలా తియ్యాలో నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదని క్లాసులో మాస్టారు చెప్పారు. వచ్చే శనివారం బావమరిది కూడా దాంతో ప్రాక్టీస్ చేస్తాడట.