మాల తీసిన మర్నాడు

నేను మూడుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. మొదటి రెండుసార్లూ నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, ఒంటిపూట భోజనం, నేల మీద పడక, అన్నీ నిష్ఠగానే చేశాను. ఆ రోజుల్లో మా ఆవిడ మొహంలో ఉన్న నిశ్చింత నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. శబరిమల వెళ్లొచ్చి, మాల తీసి, స్నానం చేసి, ఆ సాయంత్రమే బ్రాందీ షాపుకి పోయాను. రెండుసార్లూ అంతే. మా వీధిలో ఇలాంటివాళ్లం నలుగురైదుగురం ఉండేవాళ్లం, ఇరుముడి కట్టుకునేటప్పుడే మాల ఏ రోజు తీస్తామో వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాళ్లం.

దీక్షను నేను తప్పుపట్టను. నాకు ఆ నలభై రోజులు ఇచ్చింది అదే. కానీ దానికి ఆఖరి రోజు ఒకటుంది, తాగుడుకి బానిసైనవాడి మనసు ఆ రోజునే పట్టుకుని వేలాడుతుంది.

మూడోసారి 2022 నవంబర్‌లో. అప్పటికి రోజుకి మూడు క్వార్టర్లు దాటిపోయింది. మాల వేసుకున్న రోజునుంచి ఒక్కసారిగా ఆపేశాను. రెండో రోజు పొద్దున పూజ దగ్గరే ఫిట్స్ వచ్చి పడిపోయాను. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడి మెదడు ఆ మత్తుకి సర్దుకుని ఉంటుందట, మత్తు హఠాత్తుగా ఆగిపోతే అది అదుపు తప్పుతుందట, ఆస్పత్రిలో డాక్టరు చెబితేగానీ నాకు తెలియలేదు. చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, కొందరికి మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్, ఇంకొందరికి రెండు మూడు రోజులయ్యాక లేనివి కనబడటం, వినబడటం. ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకే ముందే చెబుతున్నా, ఇది చదివి రేపట్నుంచి మందు ఆపేసి నాలాగా తిరుమల మెట్లెక్కుతానని ఎవరూ బయల్దేరకండి. రోజూ తాగేవాళ్లు డాక్టరు చూస్తుండగానే ఆపాలి. ఎవర్ని అడగాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, మత్తు అలవాట్లు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు అది. ఇంకో మాట, ఇంట్లోవాళ్లకి. తాగేవాడికి తెలియకుండా కూరలో కలిపి పెట్టమని అమ్మే పొడులు కొనకండి, దయచేసి. డాక్టర్లు ఇచ్చే మాత్రల్లో ఒక రకం ఉంది, అది వేసుకుని తాగితే మొహం ఎర్రబారి, వాంతులై, గుండె దడదడలాడుతుంది. అలాంటిది మనిషికి చెప్పకుండా పెడితే చచ్చిపోవచ్చు.

సరే, ఆస్పత్రి నుంచి వచ్చాను. సూదులు, మాత్రలు, బి1 విటమిన్, అంతా అయింది. వణుకు చాలావరకు తగ్గింది. ఆ తర్వాత అసలు కష్టం మొదలైంది, అది ఒంటికి సంబంధించింది కాదు. సాయంత్రం ఆరవుతుంది. ఆ ఆరింటి నుంచి పడుకునేదాకా ఏం చేయాలో నాకు తెలియదు. పదిహేనేళ్లుగా ఆ పూటని నింపింది ఒకటే పని. ఇక ఆదివారం అయితే పొద్దున్నుంచే సాయంత్రం లాగా ఉండేది, ఎందుకంటే నా అసలు తాగుడు ఆదివారమే, మటన్ తెచ్చినప్పుడే సీసా కూడా వచ్చేసేది. టీవీ పెడితే విసుగు, పిల్లలతో మాట్లాడదామంటే ఏం మాట్లాడాలో తోచదు, గోడలు మీద పడుతున్నట్టు ఉండేది.

ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చుని మాట్లాడుకునే మీటింగులకి పోతున్నాను అప్పటికే. అక్కడొక పెద్దాయన, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, మానేసి పంతొమ్మిదేళ్లట. అన్నా అని పిలుస్తాను. ఆదివారం టెన్షన్ గురించి మీటింగులో చెప్పుకుని ఏడ్చేశాను ఒకరోజు. బయటికొచ్చాక ఆయన పెద్దగా ఓదార్చలేదు. "ఆదివారం పొద్దున ఐదున్నరకి అలిపిరి కాడ ఉంటా, రా" అన్నారు. మొక్కు ఏమైనా ఉందా అన్నాను. "మొక్కు లేదు ఏం లేదురా, నడుద్దాం. మళ్లా ఆదివారం కూడా నడుద్దాం" అన్నారు.

అలిపిరి నుంచి తిరుమలకి 3550 మెట్లు, దూరం దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి, చిన్నప్పుడు పరిగెత్తుకుంటూ ఎక్కిన దారి. డాక్టర్ని అడిగితే బీపీ, రక్తపరీక్షలు చూసి, మెల్లగా మొదలుపెట్టు, ఆయాసం వస్తే ఆగు అన్నారు. మొదటి ఆదివారం పాదాల మండపం దాటి తలయేరు గుండు దాకా పోయి వెనక్కొచ్చాను, అంతే. నడకదారిలో వచ్చేవాళ్లు మోకాళ్లు, నుదురు ఆనించి నొప్పులు రాకుండా చూడమని మొక్కుకునే బండ అది. రెండో వారం ఓ ఐదువందల మెట్లు. గాలిగోపురం చేరడానికి, అంటే రెండు వేలకు పైగా మెట్లెక్కడానికి, నాకు ఆరు వారాలు పట్టింది.

గాలిగోపురం కింద ఒకచోట జరిగింది చెప్పాలి. మెట్టు మెట్టుకీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతూ ఎక్కే ఆడవాళ్లని చూసే ఉంటారు. ఒక ముసలామె మెట్టు మీద కూలబడి, పసుపు గిన్నె నా వైపు చాపి, "నాయనా, నడుం వంగడం లేదు, ఈ పది మెట్లకి నువ్వు పెట్టిపో" అంది. అప్పటికి నా చెయ్యి పూర్తిగా కుదురుకోలేదు, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాణ్ణి. వంగి పసుపు రాశాను, కుంకుమ పెట్టబోతే వేలు వణికి బొట్టు కాస్తా పక్కకి జారి గీతలాగా పడింది. ఆమె చూసింది. ఎందుకు వణుకుతోందని అడగలేదు. "మెల్లగా పెట్టు, తొందరేముంది" అంది. పదో మెట్టుకి వచ్చేసరికి బొట్లు కొంచెం గుండ్రంగా పడ్డాయి. గిన్నె తిరిగిచ్చి పది మెట్లెక్కాక అన్న వెనక్కి తిరిగి చూశారు, నేను ఏడుస్తున్నాను, ఆయన మళ్లీ ముందుకి నడిచారు.

డాక్టరు ఒక మాట చెప్పారు నాకు, తాగాలనే కోరిక అలలాగా లేస్తుంది, చాలాసార్లు ఇరవై నిమిషాలో అరగంటో ఓర్చుకుంటే దానంతటదే తగ్గుతుంది అని. ఇంట్లో కూర్చుంటే ఆ అరగంట గడవదు. మెట్ల మీద గడుస్తుంది. మోకాళ్ల మెట్టు దగ్గర, పేరు ఊరికే పెట్టలేదు, నిట్టనిలువుగా ఉంటుంది, అక్కడ ఊపిరి గురించి తప్ప ఇంకో ఆలోచనే రాదు. పైగా తిరుమలలో మందు లేదు, సిగరెట్ లేదు, అలిపిరి చెకింగ్ దగ్గరే ఆపేస్తారు. నాలాంటివాడికి ఒక ఊరంతా అలా ఉండటం ఎంత తేలికో మామూలువాళ్లకి అర్థం కాకపోవచ్చు.

అసలు గండం దిగేటప్పుడే. రెండో నెలలో అనుకుంటా, పైదాకా ఎక్కి, ఏమీ తినకుండా బస్సెక్కేశాను. బస్టాండులో దిగేసరికి కాళ్లు పీకుతున్నాయి, ఆకలి మండిపోతోంది, అన్న ఆ రోజు రాలేదు, ఒంటరిగా ఉన్నాను, కాళ్లు వాటంతటవే పాత సందులోకి తిరిగాయి. షాపు ముందు ఐదు నిమిషాలు నిలబడ్డాను. ఫోన్ చేస్తే అన్న ఎత్తి, ముందు ఏదైనా తిను, ఆ తర్వాత మాట్లాడదాం అన్నారు. నాలుగు ఇడ్లీలు తిన్నాక నిజంగానే కోరిక సగం పోయింది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ ఒంటి మీదికి రానివ్వొద్దని మీటింగుల్లో చెబుతూనే ఉంటారు, ఆ రోజు నాకు మూడు ఒకేసారి ఉన్నాయి. అప్పట్నుంచి వెంగమాంబ అన్నప్రసాదంలో కడుపునిండా తినకుండా దిగను. దర్శనానికి ప్రతివారం పోను. గుడి ముందు అఖిలాండం దగ్గర కర్పూరం వెలిగించి, దణ్ణం పెట్టుకుని, భోజనానికి పోతాం.

2023 జులైలో తాగాను. మా పెద్దనాన్న కొడుకు చనిపోయాడు, కర్మల రోజు రాత్రి. దాచడం నాకిష్టం లేదు. ఆ రాత్రికి ముందు వరుసగా మూడు ఆదివారాలు కొండకి పోలేదు, ఎండలని, పనులని, ఏవో చెప్పుకున్నాను, ఇప్పుడు చూస్తే అక్కడే జారిపోయాను. మర్నాడు అన్నకి ఫోన్ చేయడానికి సిగ్గేసింది. ఆయనే చేశారు. ముందు డాక్టరు దగ్గరికి పో అన్నారు. తర్వాత, "ఆదివారం ఐదున్నరకి" అన్నారు.

ఆ ఆగస్టులోనే అలిపిరి దారిలో చిరుత ఒక చిన్నపాపని చంపేసింది. ఆ వార్తకి ఊరంతా కుమిలిపోయింది. తర్వాత భక్తుల్ని గుంపులుగా పంపించారు, చేతికి కర్ర ఇచ్చారు. ముందూ వెనకా మనుషులుండగా, ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య నడవడం నాకు అప్పుడే అలవాటైంది. ఇప్పుడు ఒక్కణ్ణే అసలు పోను.

ఆ జులై తర్వాత ముట్టలేదు. వారం మధ్యలో సాయంత్రం ఆరింటికి కపిలతీర్థం నుంచి అలిపిరి దాకా నడుస్తాను, ఒక్కోరోజు మా ఆవిడ కూడా వస్తుంది. అన్నకి మోకాళ్లు అరిగిపోయాయి, ఇప్పుడు గాలిగోపురం దాకా వచ్చి, అక్కడ టీ తాగి దిగిపోతున్నారు, మేం పైకి పోతాం. మేం అంటే నలుగురం. కిందటి నెల ఒక కుర్రాడు కలిశాడు, పాతికేళ్లు ఉంటాయేమో, ఆస్పత్రి నుంచి వచ్చి నెల కూడా కాలేదు, మూడువందల మెట్ల దగ్గర కూర్చుని ఇక నా వల్ల కాదన్నా అన్నాడు. సరే, దిగుదాం పద, వచ్చే ఆదివారం చూద్దాం అన్నాను. వచ్చాడు. నాలుగువందల మెట్ల దగ్గర కూర్చున్నాడు.

తిరుపతిలో ఉండేవాళ్లు ఎవరైనా రావాలనుకుంటే, ఆదివారం పొద్దున ఐదున్నరకి అలిపిరి మెట్ల మొదట్లో ఉంటాం. ముందు డాక్టర్ని అడిగి రండి. వచ్చేముందు ఏదైనా తినండి.