సీసాలో బుడగలు

మొదట టీబీ అన్నారు. తెమడ పరీక్షలో క్రిములు కనిపించాయి, అంతే, మందులు మొదలుపెట్టేశారు. ఆరు నెలలు మింగాను. ఆ ఆరు నెలలూ గాజువాకలోని మా ఇంట్లో నా కంచం వేరు, గ్లాసు వేరు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ మా అత్తయ్యగారు గుర్తు కోసం నా గ్లాసు అడుగున ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టారు. ఇంట్లో ఏడాది నిండని మనవరాలు ఉంది, ఆవిడ భయం ఆవిడది. అయినా నీళ్లు తాగిన ప్రతిసారీ ఆ చుక్క కనిపించేది.

దగ్గు తగ్గలేదు. ఇంకో డాక్టరుగారు సీబీనాట్ పరీక్ష రాశారు, తెమడలో టీబీ క్రిమి జన్యువులు ఉన్నాయేమో వెతికేది. టీబీ లేదని వచ్చింది. ముందే చేయించాల్సిన పరీక్ష అది. తెమడలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే కల్చర్ రిపోర్టుకు ఆరు వారాలు పట్టింది. "టీబీ కాదమ్మా, దాని దాయాది. మట్టిలో, నీళ్లలో ఉండే క్రిమి. పక్కవాళ్లకు అంటుకోదు" అన్నారాయన. ఇంటికొచ్చి ఆ చివరి మాట ముందు చెప్పాను. ఆ రాత్రి నీళ్ల కోసం లేచేసరికి, అత్తయ్యగారు సింకు దగ్గర నిలబడి నా గ్లాసు మీది చుక్కను చాకు మొనతో గీకుతున్నారు. నన్ను చూసి తల దించుకున్నారు. నేనే వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

తర్వాత అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఇథాంబుటాల్. ఆ మందులకు మూత్రం నారింజ రంగు, చూపు దెబ్బతింటోందేమో చూడటానికి నెలనెలా కంటి పరీక్ష. ఏడాది గడిచినా తెమడలో క్రిమి పోలేదు, రెండుసార్లు రక్తం పడింది. కుడి ఊపిరితిత్తి మధ్య భాగంలో గొట్టాలు సాగిపోయి, తెమడ అక్కడే నిలిచిపోతోందట. ఆ భాగం తీసేయాలన్నారు.

నా వంట నేను చేసుకుంటున్నాను, మెట్లు ఎక్కుతున్నాను. అలాంటిదాన్ని నా కాళ్లతో నేనే నడిచి వెళ్లి ఛాతీ కోయించుకోవడమా? నాలుగు రాత్రులు నిద్ర లేదు. సర్జన్‌గారు మందుల చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. కుడివైపు మూడు భాగాలు, ఎడమవైపు రెండు. మధ్యది అన్నిటికన్నా చిన్నది. జబ్బు అక్కడొక్కచోటే ఉంది, ఊపిరి పరీక్ష బాగుంది. అందుకే ఇప్పుడే చేయాలి, పాకితే ఈ అవకాశం ఉండదన్నారు. ఆ చీటీ ఇంకా నా పర్సులోనే ఉంది.

నలభై ఒక్క కిలోలున్నాను, ఆపరేషన్‌కు ముందు బరువు పెరగమన్నారు. రోజూ రెండు గుడ్లు. పొద్దున్నే దిండ్ల మీద నడుము ఎత్తుగా పెట్టి పడుకుంటే, మా ఆయన అరచెయ్యి దొప్పలా మడిచి ఛాతీ కుడిపక్క తట్టేవారు, తెమడ కదలాలని.

కెమెరా పెట్టి చిన్న కోతలతోనే చేశారు. మెలకువ వచ్చేసరికి పక్కటెముకల మధ్య నుంచి ఒక గొట్టం, మంచం కింద నీళ్ల సీసా. దగ్గితే సీసాలో బుడగలు. గాలి ఇంకా కారుతోందని అర్థం, అవి ఆగితేనే గొట్టం తీస్తారు. అత్తయ్యగారు స్టూలు లాక్కుని సీసా ముందే కూర్చునేవారు. "దగ్గమ్మా" అనేవారు, నేను దిండు ఛాతీకి అదుముకుని దగ్గేదాన్ని. "నాలుగు." మధ్యాహ్నం "రెండు." మూడు బంతుల పరికరంలో గాలి పీలుస్తుంటే మొదటి బంతి లేవడానికే కళ్లలో నీళ్లు తిరిగాయి. అయిదో రోజు పొద్దున మూడుసార్లు దగ్గించి, ఆవిడ నర్సమ్మను కేకేశారు: "ఏమీ లేవమ్మా, చూడండి, ఒక్కటీ లేదు!"

నెలన్నర తర్వాత ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు నడిచాను. మధ్యలో ఒకసారి ఆగాను, ఊపిరి తీసుకుని మళ్లీ నడిచాను. ఈమధ్య కల్చర్‌లో క్రిమి లేదని వచ్చింది. అక్కణ్ణుంచి లెక్కేసి ఇంకో ఏడాది మందులు వాడాలి. వచ్చే సోమవారం కంటి పరీక్ష, అత్తయ్యగారు కూడా వస్తానన్నారు.