చెన్నై ఉక్కలో పర్షియన్ పిల్లి జుట్టు

మా ఇంట్లో పర్షియన్ పిల్లి ఉందని తెలియగానే చాలామంది దానికి ఎన్నాళ్లకొకసారి స్నానం చేయిస్తామని అడుగుతారే తప్ప, రోజూ దువ్వుతామా అని అడిగేవారు అరుదు. పొడవు జుట్టు పిల్లి విషయంలో స్నానం చిన్న పని, దువ్వడమే పెద్ద పని. చెన్నై వంటి సముద్రతీర నగరంలో, గాలిలో తేమ ఏడాది పొడవునా తగ్గని చోట, ఈ మాట మరింత నిజం.

పర్షియన్ పిల్లికి పైన పొడవుగా కనిపించే వెంట్రుకల అడుగున దూదిలాంటి మెత్తని పొర ఉంటుంది. చిక్కు మొదలయ్యేది అక్కడే. ఊడిన వెంట్రుకలు కింద పడకుండా ఆ పొరలోనే ఇరుక్కుని, పిల్లి కదిలినప్పుడల్లా ఒరుసుకుని, చివరకు చర్మాన్ని పట్టుకుని ఉండకడతాయి. చలిదేశాల్లో పగటి నిడివి మారడాన్ని బట్టి పిల్లులు ఏడాదికి రెండు విడతలు ఎక్కువగా జుట్టు రాలుస్తాయి. చెన్నైలో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ మధ్య తేడా సుమారు గంటన్నరే. పైగా ఇంట్లో రాత్రి పొద్దుపోయేదాకా దీపాలు వెలుగుతూనే ఉంటాయి కనుక, జుట్టు రాలడానికి ఇక్కడ ఒక కాలమంటూ లేదు.

పళ్లు వెడల్పుగా ఉన్న స్టీలు దువ్వెన ఒకటి, సన్నని పళ్లది ఒకటి ఉంటే చాలు. పిల్లి కడుపునిండా తిని మగతగా ఉన్న వేళ చూసుకుని, ఫ్యాను ఆపి కూర్చోవాలి. లేకపోతే ఊడిన జుట్టంతా హాలు నిండా ఎగురుతుంది. మే నెల కత్తిరి ఎండల్లో ఫ్యాను ఆపి కూర్చోవడం తపస్సే అనుకోండి. పైపైన వీపు నిమిరినట్టు దువ్వితే జుట్టు నిగనిగలాడుతుంది కానీ అడుగున చిక్కు అలాగే ఉంటుంది. జుట్టును పాయలుగా విడదీసి, చర్మం కనిపించేలా పాపిడి తీసి, కుదురు నుంచి కొస దాకా దువ్వెన ఆగకుండా జారుతున్నదో లేదో చూసుకోవాలి. చెవుల వెనుక, ముందుకాళ్ల చంకల్లో, పొట్ట మీద, తోక కింద ముందుగా చిక్కు పడుతుంది. పొట్ట ముట్టుకోనివ్వని పిల్లి దగ్గర బలవంతం పనికిరాదు. ఆ రోజుకు ఒక వైపు దువ్వి వదిలేయడమే మేలు.

ఉండ కట్టినచోట కత్తెర వాడవద్దని గట్టిగా చెబుతాను. పిల్లి చర్మం పలుచన, వదులు కూడా. ఉండను పట్టి లాగితే దానితోపాటు చర్మం కూడా పైకి లేస్తుంది, ఆ మడత కత్తెరకు చిక్కుతుంది. కుదురు దగ్గర జుట్టును రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, చర్మం లాగుకుపోకుండా చూస్తూ, ఉండలో చిటికెడు కార్న్‌ఫ్లోర్ అద్ది, కొస నుంచి లోపలికి కొంచెం కొంచెంగా వేళ్లతో విడదీయాలి. ఉండ విడిపోయేటప్పుడు సన్నగా పటపటమనే శబ్దం వేలికే తెలుస్తుంది. ఎంతకీ రాకపోతే పశువైద్యుల దగ్గర క్లిప్పర్‌తో తీయించడమే దారి.

చిక్కు తీయకుండా స్నానం చేయిస్తే ఉండలు తడిసి మరింత బిగుసుకుంటాయి. మనుషుల షాంపూ వద్దు, పిల్లి చర్మంలో మన చర్మమంత ఆమ్లగుణం ఉండదు. తడి అడుగు పొరలో నిలిచిపోతే, ఈ ఉక్కకు శిలీంధ్రాలు పెరిగే ప్రమాదం ఉంది కనుక, తువ్వాలుతో అద్దాక కుదుళ్ల దాకా పూర్తిగా ఆరబెట్టాలి.

"ఇంత కష్టపడేకంటే కాస్త కొబ్బరినూనె రాయకూడదుటమ్మా" అని మా అత్తయ్యగారి సలహా. ఒంటికి ఏది రాసినా పిల్లి నాకి మింగుతుందని ఆవిడకు నచ్చజెప్పడానికి చాలాకాలం పట్టింది. కొబ్బరినూనె అయితే జిడ్డుతోనే సరిపోతుంది, కానీ టీ ట్రీ నూనె పిల్లులకు విషం. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందులూ అంతే. వాటిని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి చాలదు.

దువ్వేటప్పుడు ఎక్కడైనా గుండ్రంగా జుట్టు ఊడి, పొట్టు లేచి కనిపిస్తే అది తామర కావచ్చు. పర్షియన్ పిల్లుల్లో తరచుగా కనిపించే ఈ జబ్బు మనుషులకూ అంటుతుంది కనుక, దువ్వెనను వేరుగా ఉంచి, పిల్లిని వేపేరిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికో, దగ్గరలోని వైద్యుల వద్దకో తీసుకువెళ్లాలి.