కరవది నాదస్వరం వినడానికి నెల్లూరు దాకా

ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్ళే రోడ్డు మీద లారీ వెనక పడితే బస్సు నడకకి దిగుతుంది. లారీకి ఒకటో రెండో నల్లరాతి దిమ్మలు, దానికే నిండు బరువు. రెండు పక్కలా కోత ఫ్యాక్టరీలు, రంపాల రొద, నీళ్ళతో కలిసి కాలవ కట్టిన బూడిదరంగు రాతి బురద. ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ అని పిలిచే రాయి ఇక్కడిదే. నల్లటి రాతిలో మెరిసే ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం రేణువులు. వ్యాపారంలో గ్రానైట్ అనే అంటారు గానీ, భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్కలో ఇది గాబ్రో జాతి. మామూలు గ్రానైట్ కన్నా బరువెక్కువ. నాకు కావలసింది ఆ బరువే.

నాతో వచ్చింది ఒంగోల్లో మైకుసెట్టు నడిపే తమ్ముడు, వరసకి తమ్ముడే. శ్రీరామనవమి పందిళ్ళూ పెళ్ళి ఊరేగింపులూ వాడి బతుకు. నేను ఇంట్లో నెమ్మదిగా పాట వినేవాణ్ణి, వాడు ఊరంతా వినిపించేవాడు. స్పీకర్ల గురించి మాకెప్పుడూ ఒక మాట కుదరదు, అయినా ఎక్కడికైనా వెళ్ళాలంటే కలిసే వెళ్తాం.

యార్డులో మేస్త్రి అడిగాడు, "దేనికన్నా, వంటగట్టుకా, పూజగదికా?"

"స్పీకర్ల కిందకి. అడుగు చదరం, అంగుళంన్నర మందం. రెండు ముక్కలు చాలు."

ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. కోతలో మిగిలిన వాటిలోంచి రెండు తీయించి, అంచులు నూరించాడు. చేతిలోని రెంచితో ఒకదాన్ని తట్టాడు. ఖంగుమంది. "చూడండి, చిన్న పగులు కూడా లేదు" అన్నాడు. రాయి కొనేవాడికి అది మంచి గుర్తే. పాట వినేవాడు మాత్రం ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మోగే రాయి స్పీకరు కింద కూడా మోగుతుంది. అందుకే పెట్టెకీ రాయికీ నడుమ మందపాటి రబ్బరో కంబళి ముక్కో ఉండాలి. నునుపు రాతి మీద నేరుగా పెట్టి బాస్, అంటే లోతు స్వరం, గట్టిపడిందని మురిసేవాళ్ళని చూశాను. వాళ్ళు వింటున్నదాంట్లో కొంత రాయి మోత ఉంది.

స్పీకరులో కోను, అంటే గాలిని కదిలించే గరాటు లాంటి భాగం, ముందుకు తోసినప్పుడల్లా పెట్టెను వెనక్కి తన్నుతుంది. పెట్టె వణికితే ఆ వణుకూ గాలిలోకే వెళ్తుంది, పాటలో కలుస్తుంది. కదిలేది ఎంత తేలికైతే అంత మంచిది, కదలకూడనిది ఎంత బరువైతే అంత మంచిది. స్పీకరు తయారుచేసేవాళ్ళ కష్టమంతా ఈ రెండింటి చుట్టూనే. ఇంట్లో నాకున్నవి బీబీసీ వాళ్ళ ఎల్ఎస్ 3/5ఎ దారిలో కట్టిన చిన్న పెట్టెలు. ఆ అసలు పెట్టెను బీబీసీ ఇంజినీర్లు 1970ల్లో, స్టూడియో బయట రికార్డింగులకి తిరిగే వ్యానుల్లో వినడానికి తయారుచేశారు. ఎత్తు అడుగు. అందులో కెఫ్ కంపెనీ చేసిన అయిదంగుళాల కోను ఒకటి, పై స్వరాలకి చిన్న ట్వీటరు ఒకటి. మనిషి గొంతు మనిషి గొంతుగా వినపడాలన్నది దాని పరీక్ష. స్టూడియోలో ఒకరిని మాట్లాడించి, అదే మాటను పక్క గదిలో స్పీకరులో విని, రెండూ పోల్చుకునేవాళ్ళు. అంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు.

ముక్క పది కిలోలు దాటింది. గోనెసంచుల్లో చుట్టించుకుని ఒంగోలు చేరాం, మర్నాడు పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రాళ్ళు ఇంటి దగ్గర దింపి వెళ్దామని నేనన్నాను. వాడు వినలేదు, నెల్లూరులో మేం ఒక పాత స్పీకరు వినడానికి వెళ్తున్న డాక్టరు గారికి చూపించాలట.

రైల్లో వాదన మొదలైంది. వాడి కలల స్పీకరు క్లిప్షార్న్. అమెరికాలో, ఆర్కన్సాస్ రాష్ట్రంలోని హోప్ అనే ఊళ్ళో పాల్ క్లిప్ష్ 1946 నుంచి కట్టించిన మూల హార్ను, అంటే బూరలా విచ్చుకుని శబ్దాన్ని పెంచే స్పీకరు, అది. గది మూలలో ఇరికించి పెడతారు, రెండు గోడలూ హార్నుకి కొనసాగింపు అవుతాయి. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 105 డెసిబెల్ (శబ్దం గట్టితనపు కొలత) వస్తుందని కంపెనీ లెక్క. నా చిన్న పెట్టె లాంటివి అదే వాటుకి 82, 83 దగ్గర ఆగిపోతాయి. తేడా 22 డెసిబెల్. ప్రతి పదికీ పదింతలు కరెంటు కావాలి కాబట్టి, వాడి స్పీకరు ఒక్క వాటుతో చేసే పనికి నా దానికి నూట యాభైకి పైగా వాట్లు కావాలి. అంత ఇస్తే అది కాలిపోతుంది.

"మరింకేందన్నా?" అన్నాడు వాడు.

మూలలే, అన్నాను. మన హాల్లో ఒక మూల బీరువా, ఒక మూల గుమ్మం, ఈశాన్యం ఖాళీగా ఉంచాలంటారు ఇంట్లో. పైగా కాంక్రీటు కప్పు, నున్నటి పలకల నేల. పన్నెండడుగుల గది దాదాపు 47 హెర్ట్జ్ (సెకనుకి 47 కంపనలు) దగ్గర తనంతట తానే మోగుతుంది, ఎందుకంటే ఆ శబ్దపు అలలో సగం పొడవు సరిగ్గా గోడ నుంచి గోడకి సరిపోతుంది. అలాంటి గదిలో పెద్ద బాస్ పెడితే మృదంగం ఎడమవైపు తొప్పి, డప్పు, రైలు, అన్నీ ఒకే "ధూం" అయిపోతాయి. వాడు ఒప్పుకోలేదు. సింగరాయకొండ, కావలి దాటాయి. బిట్రగుంట వచ్చేసరికి మాట జేబీఎల్ కంపెనీ పారగాన్ స్పీకరు మీదికి మళ్ళింది. రెండు చానళ్ళూ ఒకే తొమ్మిదడుగుల చెక్క కట్టడంలో, ముందు వంపు తిరిగిన పలక. 1957లో వచ్చింది. చిత్రమేమంటే, మేం వినడానికి వెళ్తున్న స్పీకరు కూడా సరిగ్గా ఆ ఏడాదిదే. రెండింటికీ పోలిక మాత్రం లేదు.

పడుగుపాడు దాటి పెన్న మీద వంతెన ఎక్కగానే మాటలు ఆపి కిటికీలోంచి చూశాం. ఇసుకే ఎక్కువ, నీళ్ళు ఒక పాయ.

స్టేషను నుంచి ఆటోని తిప్పరాజువారి వీధి మీదుగా పొమ్మన్నాను. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి ఇల్లు అక్కడే. 2020 ఫిబ్రవరిలో ఆయన దాన్ని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు, ఆ సెప్టెంబరులోనే వెళ్ళిపోయారు. స్పీకరు కొనేముందు నేను ముందుగా వేయించుకునేది ఆయన గొంతే. చరణం ఎత్తుకునే ముందు తీసుకునే ఊపిరి, మాట చివర వినీవినపడని నవ్వు, ఇవి వినపడకపోతే ఆ పెట్టె ఎంత ఖరీదైనా నాకొద్దు. ఆటో ఆపి ఆ ఇంటి ముందు కాసేపు నిలబడ్డాం.

డాక్టరు గారు ఇంగ్లండులో చాలాకాలం పనిచేసి తిరిగి వచ్చినాయన. "ఏం నాయనా, ఎండనబడి వచ్చినారే, ముందు మజ్జిగ తాగండి" అంటూ లోపలికి తీసుకెళ్ళారు. పొడుగాటి గది. గోడ నుంచి నాలుగడుగులు ముందుకి, మల్లుపంచెలు కప్పి రెండు ఉన్నాయి. పంచెలు తీశారు. క్వాడ్ కంపెనీ ఈఎస్ఎల్ స్పీకర్లు. కంచు రంగు జల్లెడ రేకు, పొట్టి కాళ్ళు, చలిదేశాల గదుల్లో పెట్టే కరెంటు హీటరులా ఉంటుంది. పెట్టె అన్నదే లేదు.

పీటర్ వాకర్ ఇంగ్లండులో 1957లో అమ్మకానికి తెచ్చిన ఎలెక్ట్రోస్టాటిక్ స్పీకరు ఇది. ఇళ్ళ కోసం పూర్తి స్వరశ్రేణితో వచ్చిన మొదటి ఎలెక్ట్రోస్టాటిక్ ఇదే అంటారు. కోను లేదు, అయస్కాంతం లేదు. తల వెంట్రుక కన్నా పలుచని ప్లాస్టిక్ పొర, దానికి అటూ ఇటూ చిల్లుల పలకలు. పొరకి ఎక్కువ వోల్టేజి ఎక్కించి ఉంచుతారు, బాస్ భాగాలకి సుమారు 6,000 వోల్టులు, మధ్యలో పై స్వరాలకి ఉన్న ట్రెబుల్ పట్టీకి 1,500. అందుకే ఈ స్పీకర్లకి ఆంప్లిఫయరు తీగతోపాటు గోడ ప్లగ్గు కూడా కావాలి. పలకల మీద పాట వోల్టేజి మారినకొద్దీ పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. కోనులో అయితే నడుమ తోస్తే అంచు కాస్త ఆలస్యంగా స్పందిస్తుంది, ఇక్కడ ఆ బాధ లేదు.

"సముద్రం దగ్గర్లో ఉంది గదా, తేమొస్తే లోపల చిటపటమంటాయి. దుమ్ము పడకూడదు. వానాకాలం ఏసీ వేసి పెట్టాల్సిందే" అన్నారు ఆయన. క్వాడ్ సొంత వాల్వు ఆంప్లిఫయర్లే జోడించారు, ఒక్కోటి 15 వాట్లు. అంతకన్నా బాగా ఎక్కువ ఇస్తే పొర దగ్గర నిప్పురవ్వలు లేచి చెడిపోతుంది.

"ఈడ కాదు, ఈ కుర్చీలో కూర్చో. తలకాయ కదిలించబాక."

ఆయన వేసిన రికార్డు షేక్ చినమౌలానా గారి నాదస్వరం. చినమౌలానా గారు 1924లో మా ఒంగోలు పక్కన కరవదిలో పుట్టారు, శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. నాదస్వరం ఆరుబయటి వాయిద్యం. ఇంట్లో స్పీకరుకి అది కఠిన పరీక్ష, చాలా పెట్టెలు దాన్ని చెవుల్లో గుచ్చే ఇనుప శబ్దం చేస్తాయి. ఇక్కడ గుచ్చలేదు. నోటి పీకె మీద పెదవి బిగింపు తెలిసింది, గమకంలో స్వరం ఎక్కడ వంగి ఎక్కడ నిలిచిందో తెలిసింది. రెండు స్పీకర్లకీ నడుమ, కాస్త వెనగ్గా, నేల మీద కూర్చుని వాయిస్తున్న మనిషి ఉన్నాడు. డోలు కుడివైపు చప్పుడు స్పష్టంగా ఉంది, ఎడమవైపు బరువు మాత్రం సగమే. ఈ స్పీకరు లోతు స్వరాల్లోకి దిగదు, గట్టిగా అరవదు. కుర్చీలోంచి పక్కకి జరిగితే మెరుపు తగ్గిపోతుంది. ఒక మనిషి కోసం చేసిన స్పీకరు, ఆ మనిషి కదలకుండా ఉంటేనే.

తమ్ముడు వంతు వచ్చింది. పెళ్ళిళ్ళలో మేళం పక్కనే నిలబడి మైకు సర్దేవాడు వాడు, అసలు శబ్దం నాకన్నా వాడికే బాగా తెలుసు. రికార్డు ఒక వైపు అయ్యేదాకా మాట్లాడలేదు. "డోలు లేదన్నా. సన్నాయి మాత్రం నిజం" అన్నాడు. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు.

భోజనం మొలగొలుకుల బియ్యపు అన్నం, ముందురోజు కాచిన చేపల పులుసు, అందులో మామిడి ముక్కలు. అమ్మగారు మారు వడ్డిస్తుంటే వద్దనలేకపోయాం.

తర్వాత డాక్టరు గారు అల్మారాలోంచి వాళ్ళ నాన్నగారి గ్రామఫోను తీశారు. సూది బిగించే సౌండ్‌బాక్స్ విప్పి చూపించారు. గుండ్రని పలుచటి అభ్రకం బిళ్ళ, మనం కాకిబంగారం అనేదే. అల్యూమినియం రేకులు రాకముందు సౌండ్‌బాక్సుల్లో పాటంతా ఈ బిళ్ళ కదలికే. అభ్రకానికి గూడూరు, సైదాపురం గనులు ఒకప్పుడు దేశాలు దాటిన పేరు. ఇప్పటికీ కొన్ని కంపెనీలు ప్లాస్టిక్ కోనుల్లో అభ్రకం పొడి కలుపుతాయి, బరువు పెంచకుండా బిగువు రావడానికి. తమ్ముడు గోనెసంచి విప్పి చీమకుర్తి రాయి ఆ బిళ్ళ పక్కన పెట్టాడు. మంచి స్పీకరుకి కావలసిన తేలికా బరువూ ఈ రెండు జిల్లాల నేలలోనే ఉన్నాయని అప్పుడు తట్టింది, ఆ సంతోషం ఆయనతో చెప్పాను.

డాక్టరు గారు బ్రిగ్స్ కథ చెప్పారు. వార్ఫ్‌డేల్ స్పీకర్ల గిల్బర్ట్ బ్రిగ్స్ 1954లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో టిక్కెట్లు పెట్టి, వేదిక మీద వాయిద్యగాళ్ళనీ వాళ్ళ రికార్డునీ పక్కపక్కన వినిపించాడు. వాకర్ ఆంప్లిఫయర్లతో తోడు నిలిచాడు. జనం నిండిపోయారు.

తమ్ముడికి అది పట్టుకుంది. పేరున్న స్పీకర్ల పేర్లు చదువుకోవడం కన్నా ఇదే పద్ధతంటాడు. కరవది వైపు మాఘంలో ఒక పెళ్ళికి మేళం ఒప్పుకున్నారట, మైకు వాడిదే. మిక్సరు లేకుండా, ఎకో కలపకుండా, రెండు మైకులు మాత్రం ఎదురుగా పెట్టి రికార్డు చేస్తాడు. నేను మేళం ముందు కూర్చుని వినాలి. తర్వాత ఆ రికార్డు నా చిన్న పెట్టెల్లో రాళ్ళ మీద ఒకసారి, వాడి హార్నుల్లో ఒకసారి, నెల్లూరులో ఈ రేకుల్లో ఒకసారి. డాక్టరు గారు పంచాంగం తీసి మాఘమాసం ముహూర్తాలు చూడటం మొదలుపెట్టారు, తనూ పెళ్ళికి వస్తారట.